పంచాయతీ కార్యదర్శుల ప్రవేశ శిక్షణ (నారాయణఖేడ్ ప్రాంతం)

కొత్తగా చేరిన పంచాయతీ కార్యదర్శికి పని నేర్పి, ఊళ్లో నిలదొక్కుకునేలా చేసే ఏర్పాటే ప్రవేశ శిక్షణ. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో దీని అవసరం 2019లో గట్టిగా ముందుకొచ్చింది.

ఇలాంటి శిక్షణ కొత్తేమీ కాదు. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకంలో గ్రామసేవకులకు వ్యవసాయం, పశుపోషణ, పారిశుద్ధ్యం నేర్పి ఊళ్లకు పంపేవారు. ఆ ఒరవడిలోనే 1958లో ముస్సోరీలో పుట్టిన సంస్థ హైదరాబాద్ రాజేంద్రనగర్‌కు తరలివచ్చి, నేటి జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ అయింది. ఇక నారాయణఖేడ్ సంగతికొస్తే, ఈ తాలూకా 1956లో బీదర్ జిల్లా నుంచి మెదక్‌లో కలిసింది. ఇప్పటికీ ఇక్కడ తెలుగుతోపాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ వినిపిస్తాయి. తండాకు వెళ్లే కార్యదర్శికి నాలుగు లంబాడీ మాటలైనా రావాలి, చట్టం సెక్షన్లు ఆ తర్వాత.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు కూడా పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో మొత్తం పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. అదే ఏడాది 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు ప్రకటన వెలువడగా, ఎంపికైనవారు 2019 ఏప్రిల్‌లో చేరారు. అప్పట్లో జీతం నెలకు రూ.15,000, ప్రొబేషన్ మూడేళ్లు. పాత ఊళ్లో అయితే రికార్డులతో సహా చార్జి అప్పగించేవారు ఒకరుంటారు. కొత్త తండా పంచాయతీలో ఆ అవకాశం లేదు, క్యాష్ బుక్ మొదటి పేజీ నుంచి అంతా కొత్తవాళ్లే రాసుకోవాలి. ఇల్లిల్లూ తిరిగి ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్ తయారు చేయాలి, జనన మరణాలు నమోదు చేయాలి, రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే కొలువుకే ఎసరు. ఇవన్నీ చేతికి అలవాటు కాకముందే సెప్టెంబరులో పల్లె ప్రగతి ముప్ఫై రోజుల కార్యక్రమం వచ్చిపడింది.

ఇలాంటిచోట తరగతి పాఠం చాలదు. పక్క ఊరి సీనియర్ కార్యదర్శి దగ్గర కొన్నాళ్లు కూర్చోబెట్టి ఒక గ్రామసభ, ఒక పన్ను వసూలు, ఒక నెల లెక్క ముగింపు చూపించాలి. తొలి ఏడాది మండల పంచాయతీ అధికారి ప్రతి నెలా వచ్చి క్యాష్ బుక్ చూడాలి, తప్పు దొరికితే మెమో ఇవ్వకముందు సరిదిద్దడం నేర్పాలి. కేంద్రం 2022 నవంబరులో తన కొత్త ఉద్యోగుల కోసం తెచ్చిన కర్మయోగి ప్రారంభ్ ఆన్‌లైన్ పాఠాలు నియమాలు తెలుసుకోవడానికి పనికొస్తాయి, రసీదు పుస్తకం పట్టుకుని గడప ముందు నిలబడే పనికి మాత్రం పక్కన మనిషి కావాలి.

2019లో చేరినవారి ప్రొబేషన్ ఆ తర్వాత నాలుగేళ్లకు పెరిగింది. 2023లో పనితీరు మదింపులో 70 శాతం మార్కులు వచ్చినవారిని క్రమబద్ధీకరించారు.