మంచుకు పెట్టిన ఇంటిపేర్లు

మన ఊళ్ల పేర్లు వింటే సగం నేల కళ్లకు కడుతుంది. చివర చెర్ల అంటే చెరువు, గుట్ట అంటే గుట్ట, లంక అంటే చుట్టూ పారే గోదారి. (చెరువు ఇప్పుడుండకపోవచ్చు, అది వేరే సంగతి.) ఆ ఊరు వదిలి పొరుగూరికి పోయిన కుటుంబానికి పాత ఊరి పేరే ఇంటిపేరైంది. నేల మనిషికి పేరివ్వడం మనకు అలవాటైన వరస.

అంటార్కిటికాలో, దాని చుట్టూ విసిరేసినట్టున్న దక్షిణ సముద్రపు దీవుల్లో ఈ వరస తలకిందులు. అక్కడ మనిషి ఇంటిపేరే కొండకు పేరు, అఖాతానికి పేరు, హిమానీనదానికి పేరు. తరతరాలుగా ఆ కొండను చూస్తూ, దానికొక పేరు పెట్టుకుని పిలిచిన జనం అక్కడ లేరు కదా! ఓడ మీద నుంచి దుర్భిణిలో ముందుగా ఎవరు చూస్తే వాళ్లదే నామకరణం. అందుకే అక్కడి పటం చదివితే నేల గురించి తెలిసేది కొంచెమే. చూసినవాడి జేబులో డబ్బు ఎవరిది, ఆ రోజు పండుగేమిటి, ఇంటి దగ్గర భార్య పేరేమిటి, వాడి మనసు ఎంత విసిగి ఉంది, ఇవన్నీ మాత్రం చక్కగా తెలుస్తాయి.

ఖండం పేరులోనే ఒక తమాషా ఉంది. గ్రీకులో ఆర్క్‌టోస్ అంటే ఎలుగుబంటి. మనం సప్తర్షి మండలం అనే చుక్కల గుంపు వాళ్లకు పెద్ద ఎలుగు. ఆ చుక్కలు కనిపించే దిక్కు ఆర్కిటిక్, దానికి ఎదురు దిక్కు అంటార్కిటిక్. జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటాం చూడండి, ఆ ఋక్షమూ ఈ ఆర్క్‌టోసూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఎలుగుబంటి ఒక్కటీ లేని ఖండానికి, ఎలుగుబంటి కాదని చెప్పడానికే ఎలుగుబంటి పేరు పెట్టారన్నమాట.

నిజానికి ఆ చోటికి ముందే అనుకున్న పేరు వేరు: టెర్రా ఆస్ట్రాలిస్, దక్షిణ భూమి. ఇంకా దక్షిణాన అంత పెద్ద నేల మరొకటి దొరికే అవకాశం లేదని 1814లో బ్రిటిష్ నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ తేల్చేశాడు. దాంతో ఆ పేరు ఆస్ట్రేలియాకు పోయింది. తర్వాత అసలు దక్షిణ ఖండం బయటపడేసరికి దానికి పేరు మిగల్లేదు. 1890లో స్కాట్లండ్ పటాల తయారీదారు జాన్ జార్జ్ బార్తొలోమ్యూ తన పటంలో అంటార్కిటికా అని వేశాక గానీ ఆ లోటు తీరలేదు.

ముందుగా చూసినవాళ్లకు పంచాంగమే దిక్కు. 1739 జనవరి 1న ఫ్రెంచి నావికుడు బువే పొగమంచులో ఒక మంచు కొన చూశాడు. ఆ రోజు క్రైస్తవ పంచాంగంలో ఏసుక్రీస్తు సున్తీ పండుగ. కాబట్టి దానికి సున్తీ అగ్రం అని పేరు. ఖండపు కొన తగిలిందనుకున్నాడు పాపం. అది యాభై చదరపు కిలోమీటర్లు కూడా లేని దీవి. లెక్క తప్పు వేసుకోవడంతో తర్వాత వెతికిన బ్రిటిష్ నావికుడు కుక్‌కు అది దొరకనే లేదు. ఇప్పుడది నార్వేది, పేరు బువే దీవి.

మరో ఫ్రెంచి నావికుడు కెర్గెలెన్ కథ ఇంకా జాలి గొలుపుతుంది. 1772లో ఆయన కనిపెట్టిన నేలకు దక్షిణ ఫ్రాన్స్ అని పేరు పెట్టి, సిరిసంపదల భూమి అని రాజుకు చెప్పుకున్నాడు. రెండోసారి వెళ్లి చూస్తే రాళ్లు, గాలి, వాన. తిరిగొచ్చాక ఆయనకు దక్కింది జైలు. 1776 క్రిస్మస్ రోజున అక్కడ లంగరు వేసిన జేమ్స్ కుక్ ఆ రేవుకు క్రిస్మస్ రేవు అని పేరు పెట్టాడు. దీవిని పాడునేల అనాలనిపించినా, కనిపెట్టినవాడి పేరే ఉండనివ్వడం న్యాయం అనుకున్నాడు.

కుక్‌కు ఆ మాత్రం జాలి కలగడంలో వింత లేదు. దాదాపు రెండేళ్ల ముందు, 1775 జనవరిలో, ఆయనకూ అదే దెబ్బ తగిలింది. మంచు కప్పిన ఎత్తయిన కొండలతో ఒక తీరం కనిపించింది. ఇంతకాలం ప్రపంచం వెతుకుతున్న దక్షిణ ఖండం ఇదేనేమో అన్న ఆశతో తీరం వెంట రోజుల తరబడి ఓడ నడిపాడు. మూడో జార్జి రాజు పేరు పెట్టాడు, ఒక అఖాతంలో దిగి జెండా పాతాడు. చివరికి ఒక కొన దగ్గరకు వచ్చేసరికి తీరం గిర్రున వెనక్కి తిరిగింది. అంతా కలిపి ఒక దీవి! ఆ కొన పేరు నిరాశ అగ్రం. పటాల్లో ఈనాటికీ అదే పేరు. రాజు పేరు మోస్తున్న దీవికి చివర నిరాశ అని రాసి పెట్టిన ఆ ధైర్యం నాకు నచ్చుతుంది. తర్వాత కనిపించిన దీవుల వరసకు మాత్రం నౌకాశాఖ పెద్ద, శాండ్‌విచ్ ప్రభువు పేరు పెట్టాడు. రెండు రొట్టెముక్కల మధ్య మాంసం పెట్టుకుని తిన్న ఆ ప్రభువే.

ఆ తర్వాత వచ్చినవాళ్లు సీళ్ల తోళ్ల వ్యాపారులు, తిమింగలాల వేటగాళ్లు. వాళ్లకు రాజులకన్నా యజమానులు ముఖ్యం. ఫ్రెడరిక్ హాసెల్‌బరో 1810లో రెండు దీవులు కనిపెట్టి ఒకదానికి తన సిడ్నీ కంపెనీ యజమాని క్యాంప్‌బెల్ పేరు, మరోదానికి గవర్నరు మక్వారీ పేరు పెట్టాడు. అదే ఏడాది క్యాంప్‌బెల్ దీవి రేవులో మునిగి చనిపోయాడు. ఆ రేవుకు ఆయన ఓడ పేరే మిగిలింది, పర్సివరెన్స్. 1806లో ఏబ్రహాం బ్రిస్టో అనే వేటగాడు మరో దీవుల గుంపుకు తండ్రి స్నేహితుడైన ఆక్లండ్ ప్రభువు పేరు పెట్టాడు. ఆ ప్రభువు కొడుకే తర్వాత మన గవర్నర్ జనరల్ అయ్యాడు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరం కొడుకు పేరు, దక్షిణాన మనుషులు లేని ఆక్లండ్ దీవులు తండ్రి పేరు. వాళ్ల ఇంటిపేరు ఈడెన్. కొడుకు అక్కచెల్లెళ్ల పేరు మీదే కలకత్తాలోని ఈడెన్ గార్డెన్స్. క్రికెట్ చూస్తున్నప్పుడు పెంగ్విన్లు గుర్తుకొస్తే తప్పు నాది కాదు.

భార్యల పేర్లూ తక్కువేం కాదు. 1840లో ఫ్రెంచి నావికుడు డ్యుమోం దుర్విల్ తను చూసిన తీరానికి అదేలీ భూమి అని పేరు పెట్టాడు. ఆయన భార్య పేరు అదేల్. ఏళ్ల తరబడి సముద్రయానాలకు మూడుసార్లు మొగుణ్ణి సాగనంపిన మనిషి. ఆ తీరపు చిన్న పెంగ్విన్లకూ ఆ పేరే వచ్చింది. రెండేళ్లకు, 1842లో, దంపతులిద్దరూ కొడుకుతో సహా పారిస్ దగ్గర రైలు ప్రమాదంలో పోయారు. మంచు సముద్రాలన్నీ తిరిగొచ్చినవాణ్ణి రైలు మింగింది.

నేలను చూసి పెట్టిన పేర్లు అసలు లేవని కాదు. డిసెప్షన్ దీవి, అంటే మోసం దీవి, అందులో మేటి. బయటి నుంచి మామూలు దీవే. ఒక సన్నని సందులోంచి లోపలికి వెళ్తే అది గుర్రపు లాడంలాంటి అగ్నిపర్వతం, మధ్యలో విశాలమైన రేవు. ఆ సందులో గాలి ఎంత ఉధృతంగా కొడుతుందో, అమెరికన్ వేటగాళ్లు దానికి నెప్ట్యూన్ కొలిమితిత్తులు అని పేరు పెట్టారు. సముద్రదేవుడు కొలిమి ఊదుతున్నాడట! ఈ పేరు పెట్టినవాడు మా ఊరి కమ్మరికొట్టంలో కూర్చున్నవాడే అయ్యుండాలి అనిపిస్తుంది నాకు.

అన్నిటిలోకీ నాకిష్టమైన పేరు వెల్‌మెట్ అగ్రం. మంచివేళ కలిశాం అని తెలుగులో అనుకోవచ్చు. 1903 అక్టోబరు 12న స్వీడిష్ యాత్ర నాయకుడు ఒట్టో నార్డెన్‌స్కోల్డ్, తోటివాడు యొనాసెన్‌తో కలిసి కుక్కల బండి మీద వేగా దీవి పక్కన గడ్డకట్టిన సముద్రం మీదుగా వెళ్తున్నాడు. ఎదురుగా ఏవో నల్లటి ఆకారాలు కదిలాయి. పెంగ్విన్లనుకున్నారు. దగ్గరికొస్తే మనుషులు. మసిబారిన ముఖాలు, మసిబారిన బట్టలు. ఏ జాతివాళ్లో నార్డెన్‌స్కోల్డ్‌కు అర్థం కాలేదు. తీరా చూస్తే వాళ్లు ఆయన యాత్రవాళ్లే! ఆయన్ని తీసుకురావడానికి వస్తున్న ఓడకు మంచు అడ్డం పడటంతో ముందటి డిసెంబరులో ముగ్గురిని కాలినడకన పంపారు. వాళ్లు చేరలేక వెనక్కి మళ్లారు. ఓడ మళ్లీ రాలేదు, ఫిబ్రవరిలో మంచుకు నలిగి మునిగిపోయింది. ఆ సంగతి వీళ్లకూ తెలియదు, నార్డెన్‌స్కోల్డ్‌కూ తెలియదు. చలికాలమంతా రాళ్లు పేర్చుకున్న గుడిసెలో పెంగ్విన్ మాంసం తింటూ, సీలు కొవ్వు మంటతో వెచ్చబడుతూ గడిపారు. ఆ గుడిసె ఉన్న చోటి పేరు ఆశ అఖాతం. ఆశ నుంచి బయల్దేరి మంచివేళకు చేరారన్నమాట.

డబ్బు పేర్లకు వద్దాం. 1908లో బ్రిటిష్ యాత్రికుడు షాకిల్టన్ దక్షిణ ధ్రువానికి దారి చూపే మహా హిమానీనదం కనిపెట్టి, తన యాత్రకు అండగా నిలిచిన గ్లాస్గో పారిశ్రామికుడు బియర్డ్‌మోర్ పేరు పెట్టాడు. మన తిరునాళ్లలో పందిరి మీద దాత పేరు రాస్తారు చూడండి, అదే పద్ధతి. హ్యూబర్ట్ విల్కిన్స్ ఇంకో మెట్టు పైకెక్కాడు. 1928 డిసెంబరులో మోసం దీవి నుంచి లాక్‌హీడ్ విమానమెక్కి ద్వీపకల్పం మీదుగా ఎగిరాడు. లాక్‌హీడ్ పర్వతాలు, పత్రికాధిపతి హర్‌స్ట్ పేరున హర్‌స్ట్ భూమి, యంత్రాల నూనె పేరున మొబిలాయిల్ అఖాతం! ఇంజన్ ఆయిల్ పేరున్న అఖాతం ఇప్పటికీ పటంలో ఉంది. ఇంతా చేసి ఆయన చూపు తప్పింది. పైనుంచి చూసి, ద్వీపకల్పాన్ని ముక్కలు చేస్తూ సముద్రపు పాయలున్నాయనుకున్నాడు. ఒకదానికి కేసీ పాయ అని పేరు పెట్టాడు. 1934–37లో జాన్ రిమిల్ బృందం నేల మీద తిరిగి చూస్తే అవి పాయలు కావు, మంచుతో నిండిన హిమానీనదాలు. కేసీ పాయ కేసీ హిమానీనదమైంది.

ఒకే చోటుకు నాలుగు పేర్లు పెట్టి తగవులాడుకోవడమూ ఉంది. ఆ ద్వీపకల్పమే బ్రిటిష్‌వాళ్లకు గ్రాహం భూమి, అమెరికన్లకు పామర్ భూమి, చిలీవాళ్లకు ఓహిగిన్స్ భూమి, అర్జెంటీనావాళ్లకు సాన్ మార్టిన్ భూమి. మొదటి ఇద్దరూ 1964లో రాజీపడ్డారు. మొత్తం అంటార్కిటిక్ ద్వీపకల్పం, ఉత్తరం సగం గ్రాహం, దక్షిణం సగం పామర్. అన్నదమ్ముల పంపకంలాగే గోడ మధ్యలో పెట్టుకున్నారు. మిగతా ఇద్దరూ తమ పేర్లే వాడుకుంటున్నారు. దానికి ఎగువనున్న కింగ్ జార్జ్ దీవి అర్జెంటీనా పటంలో మే 25 దీవి. 1821లో ఆ దీవుల వరసంతా చూసిన రష్యన్ నావికుడు బెల్లింగ్స్‌హౌజెన్, నెపోలియన్‌తో జరిగిన యుద్ధాల పేర్లు పెట్టుకుంటూ పోయాడు. ఆయన లెక్కలో అది వాటర్లూ.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత విమానాల నుంచి ఫొటోలు వచ్చి పడ్డాయి. పేరులేని కొండలు వేలల్లో తేలాయి. లండన్‌లో 1945లో పేర్ల సంఘం కూర్చుంది. ఇన్నిటికి పేర్లెక్కణ్ణుంచి తేవాలి? వరసలు పట్టారు. అలెగ్జాండర్ దీవిలో సంగీతకారులు: బాఖ్ మంచుపలక, బీతోవెన్ ద్వీపకల్పం. ఒక దీవుల గుంపుకు డికెన్స్ నవల పాత్రలు, ఒక తీరానికి మోబీ డిక్ తిమింగలం కథ పాత్రలు. నాకు బాగా నచ్చింది ఆహారశాస్త్రం వరస. నిమ్మ, నారింజలతో స్కర్వీ తగ్గుతుందని చూపిన లిండ్ పేరుతో హిమానీనదం. జపాన్ నావికుల బెరిబెరికి మాంసకృత్తుల కొరతే కారణమనుకుని తిండి మార్పించిన తకాకి పేరుతో ఒక కొండకొన. జావాలో మరబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోతున్నాయని, దంపుడు బియ్యంతో కోలుకుంటున్నాయని గమనించిన ఐక్‌మన్ పేరుతో మరో కొన. విటమిన్ అన్న మాటకు ఆద్యుడు ఫంక్‌కూ ఒక హిమానీనదం. చిగుళ్లు నెత్తురు కారి చచ్చిన నావికుల సముద్రంలో ఇంతకన్నా సరైన పేర్లు దొరకవు.

ఇప్పుడు కట్టుబాట్లున్నాయి. చందా ఇచ్చినవాళ్లు, బంధుమిత్రులు, సరుకుల పేర్లు, బండి లాగిన కుక్కలు, ఇవేవీ చెల్లవని అమెరికా సంఘం నిబంధన. వాండా సరస్సు మాత్రం తప్పించుకుంది, అది న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు పెట్టిన ఒక బండి కుక్క పేరు. సరదాకు మాత్రం సందు మిగిలింది. చలి ఎంతున్నా గడ్డకట్టనంత ఉప్పున్న ఒక మడుగును 1961లో డాన్ రో, జాన్ హికీ అనే హెలికాప్టర్ పైలట్ల సాయంతో చూశారు. డాన్, జాన్ కలిపి డాన్ హువాన్ మడుగు అన్నారు!

మనవాళ్ల పేర్లూ ఉన్నాయి. 1960–61లో దక్షిణ ధ్రువం దగ్గర పనిచేసిన వృక్షశాస్త్రవేత్త గిరిరాజ్ సిరోహి పేరున సిరోహి కొన, సీళ్లను లెక్కపెట్టిన అఖౌరీ సిన్హా పేరున సిన్హా శిఖరం, రెండూ అమెరికావాళ్లు పెట్టినవే. మన సొంత కేంద్రం మైత్రి ఉన్న షిర్మాకర్ ఒయాసిస్‌కు 1938–39 జర్మన్ యాత్రలో దాని మీద ఎగిరిన పైలట్ పేరు. మైత్రి ముందున్న సరస్సు మాత్రం ప్రియదర్శిని. అంతకుముందు 1983–84లో మంచుపలక మీద కట్టిన తొలి కేంద్రానికి గంగ పుట్టే హిమానీనదాన్ని తలుచుకుని దక్షిణ గంగోత్రి అన్నారు. ఏటా పడే మంచులో అది మెల్లగా పూడిపోయింది. పేరు ఒయాసిస్ దగ్గరున్న హిమానీనదానికి మిగిలింది. దాని మంచు కొన ఎన్ని అంగలు వెనక్కి పోయిందో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణవాళ్లు వెళ్లి కొలిచి వస్తుంటారు.