ఊగే కుట్టు: సిరాజ్ బంతి పుట్టిన కథ

హైదరాబాద్‌లో మాదన్నపేట మండీ చుట్టుపక్కల గల్లీల్లో పిల్లలు ఆడే క్రికెట్‌కు టెన్నిస్ బంతే దిక్కు. దాని బరువు 56 నుంచి 59 గ్రాములు. అసలైన క్రికెట్ బంతి 156 గ్రాములకు తగ్గదు, 163 దాటదు. బరువులోనే దాదాపు మూడు రెట్ల తేడా ఉన్నా, అంతకన్నా పెద్ద తేడా కుట్టుది. తోలు బంతి నడుము చుట్టూ ఆరు వరుసల దారపు కుట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. ఫాస్ట్ బౌలర్ విద్య అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. టెన్నిస్ బంతికి ఆ కుట్టు లేదు. కాబట్టి గల్లీ బౌలర్‌కు మిగిలేవి రెండే: భుజంలోంచి పుట్టే వేగం, బ్యాట్స్‌మన్ కాలి వేళ్ల దగ్గర బంతిని దించే గురి.

మూసీకి అవతల, మాసాబ్ ట్యాంక్ దాటాక వచ్చే ఫస్ట్ లాన్సర్‌లో పెరిగిన మహమ్మద్ సిరాజ్‌కు కూడా తొలి పాఠాలు ఈ రెండే. 1994 మార్చి 13న పుట్టాడు. తండ్రి మహమ్మద్ గౌస్ ఆటో నడిపేవారు. అకాడమీ, కోచ్, కిట్ వంటివి ఆ ఇంటికి అందే దూరంలో లేవు. మేనమామ సారథ్యంలోని క్లబ్ జట్టుకు ఆడి ఒక మ్యాచ్‌లో తొమ్మిది వికెట్లు తీస్తే ఆయన 500 రూపాయలు ఇచ్చారని, క్రికెట్లో తన తొలి సంపాదన అదేనని సిరాజే చెప్పుకున్నాడు. తర్వాత చార్మినార్ క్రికెట్ క్లబ్ తరఫున లీగ్ ఆడాడు. తోలు బంతి అతని చేతికి అలవాటయ్యేసరికి ఇరవై ఏళ్లు దాటాయి. 2015 నవంబర్‌లో రంజీలో అడుగుపెట్టాడు.

హైదరాబాద్ బౌలింగ్ అంటే ఎప్పుడూ స్పిన్నే. గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు, ప్రజ్ఞాన్ ఓజా... అందరూ వేళ్లతో బంతిని తిప్పినవాళ్లే. 1967లో అడిలైడ్‌లో ఆడిన తొలి టెస్టులోనే ఆరు వికెట్లు తీసిన సయ్యద్ అబిద్ అలీ మీడియం పేసర్. అసలైన వేగంతో దేశానికి ఆడే బౌలర్ కోసం ఈ ఊరు దశాబ్దాలు ఎదురుచూసింది. అలాంటి చోట 2016-17 రంజీ సీజన్‌లో సిరాజ్ 41 వికెట్లు తీశాడు. అప్పుడు హైదరాబాద్ కోచ్ భరత్ అరుణ్. తోలు బంతితో ఎలా మెలగాలో సిరాజ్‌కు పద్ధతిగా నేర్పింది ఆయనే. 2017 ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ అతణ్ని 2.6 కోట్లకు కొన్నది.

ఆ రోజుల్లో సిరాజ్ ఆయుధం ఇన్‌స్వింగర్. కుట్టును నిటారుగా పట్టి, కాస్త వాలుగా వదిలితే గాలి కుట్టు వాలిన వైపు అల్లకల్లోలమై బంతిని ఎక్కువసేపు అంటుకుని ఉంటుంది. రెండో వైపు ముందే విడిపోతుంది. దాంతో బంతి కుట్టు చూపిన దిక్కుకు ఒరుగుతుంది. సిరాజ్‌కు అది సహజంగా వచ్చింది. సహజంగా వచ్చినది ఎలా వచ్చిందో తెలియదు కాబట్టి, పోయినప్పుడు ఎలా పోయిందో కూడా తెలియదు. కొంతకాలానికి ఆ ఇన్‌స్వింగ్ మాయమైంది. 2019 జనవరిలో అడిలైడ్‌లో ఆడిన తొలి వన్డేలో పది ఓవర్లకు 76 పరుగులిచ్చాడు, వికెట్ దక్కలేదు. ఆ ఏడాది ఐపీఎల్ కూడా చేదుగా ముగిసింది. వెళ్లి మీ నాన్నతో పాటు ఆటో నడుపుకో అని జనం ఎగతాళి చేశారని తర్వాత అతనే చెప్పాడు.

పోయినదాన్ని వెతుక్కుంటూ కూర్చోకుండా సిరాజ్ ఇంకో బంతిని పట్టుకున్నాడు. దాని పేరు వాబుల్ సీమ్, అంటే ఊగే కుట్టు.

ఈ బంతి వంశవృక్షం ఆసక్తికరమైనది. పాకిస్తాన్ బౌలర్ మహమ్మద్ ఆసిఫ్‌కు పెద్ద వేగం లేదు. వేళ్లలో మాత్రం అసాధారణమైన నేర్పు ఉండేది. 2010లో పాకిస్తాన్ జట్టు ఇంగ్లండ్ పర్యటనకు వచ్చినప్పుడు ఆసిఫ్ బౌలింగ్‌ను దగ్గరగా చూసిన ఇంగ్లండ్ బౌలర్ జేమ్స్ అండర్సన్, అతని చేతిలోంచి బంతి కుట్టు నిటారుగా కాక ఊగుతూ రావడం గమనించాడు. అది నెట్స్‌లో సాధన చేసి తన సొంతం చేసుకున్నానని దాపరికం లేకుండా చెప్పాడు. అదే పర్యటనలో స్పాట్ ఫిక్సింగ్‌లో దొరికిన ఆసిఫ్ టెస్ట్ జీవితం 23 మ్యాచ్‌లు, 106 వికెట్లతో ముగిసిపోయింది. అండర్సన్ 704 టెస్ట్ వికెట్ల దాకా వెళ్లాడు. మనిషి తప్పుతో ఆగిపోయాడు కానీ అతని వేళ్లు చూపించిన విద్య ఆగలేదు. దేశాలు దాటి చేతులు మారుతూ సాగింది.

ఆ బంతి ఎలా పనిచేస్తుందంటే, మామూలుగా కుట్టు మీద దగ్గరగా ఉంచే రెండు వేళ్లను కాస్త ఎడంగా పెడతారు. వదిలేటప్పుడు కుట్టు నిటారుగా నిలవదు. వేగం తగ్గిన బొంగరంలా ఇటూ అటూ ఒరుగుతూ వస్తుంది. గాలిలో పెద్దగా వంకర తిరగదు. నేలను తాకే క్షణంలో కుట్టు ఏ అంచు తగిలితే ఆ మేరకు లోపలికో బయటికో తెగుతుంది. బౌలర్ చేయి చూసి, కుట్టు దిక్కు చూసి ముందే అంచనా వేయడం బ్యాట్స్‌మన్ అలవాటు. ఇక్కడ చూడడానికి దిక్కంటూ లేదు. ఒక్కోసారి వేసినవాడికి కూడా తెలియదు. సిరాజ్ వేస్తే మాత్రం కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు అది ఎక్కువగా లోపలికే దూసుకొస్తుంది. ఇన్‌స్వింగ్ గాలిలో చేసే పనిని ఇది నేల మీద చేసిపెట్టింది. పోయిన ఇన్‌స్వింగర్ ఇంకో దారిలో ఇంటికి తిరిగొచ్చినట్టే. అయితే అది ఒక్క రోజులో లొంగలేదు. నమ్మకం కుదిరేదాకా నెట్స్‌లో వేసి వేసి సాధించానని అతనే చెప్పాడు.

బంతి విసిరే ఇంకో ఆటలోనూ ఇలాంటి కథే ఉంది. అమెరికా బేస్‌బాల్‌లో వంకర తిరిగే కర్వ్‌బాల్‌ను కనిపెట్టినవాడిగా క్యాండీ కమ్మింగ్స్‌ను చెబుతారు. 1863లో బ్రూక్లిన్ తీరాన పద్నాలుగేళ్ల పిల్లవాడిగా ఆల్చిప్పలు విసురుతుంటే అవి గాలిలో మలుపు తిరగడం చూశాడు. బంతిని కూడా అలా తిప్పలేనా అనుకున్నాడు. ఏళ్ల తరబడి సాధన చేసి 1867లో హార్వర్డ్ జట్టు మీద ప్రయోగించాడు. బంతి వంగడం కంటి భ్రమ అని చాలాకాలం వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ ఘనత మాదంటే మాదని పోటీపడినవాళ్లూ ఉన్నారు. చివరకు 1939లో కమ్మింగ్స్‌కు బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఇటీవలి ఏళ్లలో ఉటా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు బేస్‌బాల్ మీద కుట్టు ఉన్న చోటును బట్టి బంతి వెనుక గాలి దారి మారుతుందని, దాంతో బంతి కూడా పక్కకు జరుగుతుందని చూపించారు. ముందు కనిపెట్టింది చేతులు. శాస్త్రం వెనకాల నడుచుకుంటూ వచ్చి కారణం చెప్పింది.

సిరాజ్ కథలో ఫలితాలు 2020లో మొదలయ్యాయి. అక్టోబర్ 21న అబుదాబిలో ఐపీఎల్ మ్యాచ్‌లో కోల్‌కతా మీద నాలుగు ఓవర్లు వేసి, ఎనిమిదే పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. అందులో రెండు మెయిడెన్లు. ఐపీఎల్‌లో ఒకే మ్యాచ్‌లో అంతకుముందు ఎవరూ రెండు మెయిడెన్లు వేయలేదు. నెల తిరిగేసరికి, నవంబర్ 20న, అతను ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారు. ఇంటికి రాకుండా అక్కడే ఉండి, డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్ట్ ఆడాడు. ప్రధాన బౌలర్లు గాయాలతో తప్పుకోగా, బ్రిస్బేన్‌లో తన మూడో టెస్టులోనే దాడికి పెద్దదిక్కయి 73 పరుగులకు ఐదు వికెట్లు తీశాడు. ఆ సిరీస్‌లో భారత్ తరఫున అత్యధికంగా 13 వికెట్లు అతనివే. హైదరాబాద్‌లో దిగగానే విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

ఆ తర్వాత బయటికి వెళ్లే స్వింగ్ కూడా చేతికొచ్చింది. గాలిలో బయటికి పోయేది ఒకటి, నేల తాకి లోపలికి వచ్చేది ఒకటి. ఈ రెండూ ఒకే చేతిలో ఉంటే బ్యాట్స్‌మన్‌కు నిలబడే చోటు ఇరుకవుతుంది. 2023 సెప్టెంబర్ 17న కొలంబోలో ఆసియా కప్ ఫైనల్‌లో ఒకే ఓవర్‌లో నాలుగు వికెట్లు తీసి 21 పరుగులకు ఆరు వికెట్లతో శ్రీలంకను 50కే కూల్చాడు. బహుమతిగా వచ్చిన డబ్బును మైదానం సిబ్బందికి ఇచ్చేశాడు. 2024 జనవరి 3న కేప్‌టౌన్‌లో 15 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు, దక్షిణాఫ్రికా 55కే ఆలౌటైంది.

2025 ఇంగ్లండ్ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడిన భారత పేసర్ అతనొక్కడే. 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న ఓవల్‌లో చివరి రోజు ఇంగ్లండ్‌కు 35 పరుగులు, భారత్‌కు నాలుగు వికెట్లు కావాలి. వాటిలో మూడు సిరాజ్ తీశాడు. భారత్ ఆరు పరుగులతో గెలిచి సిరీస్‌ను 2-2గా ముగించింది. ఇంగ్లండ్ బ్యాట్స్‌మన్ అట్కిన్సన్ స్టంప్స్‌ను లేపేసిన ఆఖరి బంతి ఊగే కుట్టు బంతి కాదు, యార్కర్. కుట్టే లేని బంతితో గల్లీలో నేర్చిన తొలి పాఠం అది. ఎందరో చేతులు మారి వచ్చిన విద్య, గల్లీ ఇచ్చిన విద్య ఒకదాన్నొకటి తోసెయ్యకుండా అతని చేతిలో కలిసే ఉన్నాయి.

ఈ కథలో నన్ను కదిలించేది సిరాజ్ ప్రతిభ ఒక్కటే కాదు, అతను కోల్పోయిన కాలం. తోలు బంతి చేతికి రావడమే ఇరవై దాటాక అయితే, ఇన్‌స్వింగ్ రావడం, పోవడం, మారు బంతిని సాధించడం అన్నీ దేశం చూస్తుండగానే జరగాల్సి వచ్చింది. పదిహేనో ఏట నెట్స్‌లో జరగాల్సిన తప్పులు అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో జరిగాయి. అతను తట్టుకున్నాడు. తట్టుకోలేనివాళ్ల పేర్లు మనకు తెలియవు. మాదన్నపేట నుంచి యాకుత్‌పురా దాకా ప్రతి గల్లీలోనూ వేగంగా వేసే కుర్రాడు ఒకడైనా ఉంటాడు. వాడి భుజంలో వేగాన్ని గల్లీ ఇస్తుంది. కుట్టు ఉన్న బంతి, మ్యాట్ పరిచిన పిచ్, వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే ఒక కోచ్, ఈ మూడూ ఊరు ఇవ్వాలి. పన్నెండో ఏటే ఇస్తే, తర్వాతి కొత్త బంతి ఇక్కడే పుడుతుంది.