ఎవరెస్టు త్రోవలో మంచుబురుజులు

మా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలలో మంచుగడ్డ యనిన వేసవిలో చెరకు రసమున వేయునదియే. అది కరగునని యెఱుగుదుము గాని, కదలునని, కూలి మనుష్యులను జంపునని తలంపము. హిమాలయములలో దాని స్వభావము వేఱు. తెలుగు బిడ్డలును ఎవరెస్టు నెక్కిన పిమ్మట ఆ యపాయమును గూర్చి మనమును దెలిసికొనవలసియున్నది.

కొండలపై ఏండ్ల తరబడి కురిసిన మంచు తన బరువుచేత గట్టిపడి, మెల్లమెల్లగ పల్లమునకు జాఱును. అదియే హిమానీనదము. త్రోవ నిటారుగ దిగినచోట ఆ మంచు బీటలువాఱి, కోట బురుజులవంటి దిమ్మలుగ నిలుచును. వీనిని సెరాకు లందురు. ఆల్ప్సు కొండలవారు చేయు ఒక తెల్లని జున్ను పేరే వీనికి వచ్చినది. కొన్ని దిమ్మలు మా పేటలలోని మూడంతస్తుల మేడలంత యుండును. ఒరలేని బావి గట్టు ఎప్పుడు విఱుగునో చెప్పలేనట్లే, ఇవి యెప్పుడు కూలునో యెవ్వరును జెప్పజాలరు. ఎండ వేడిమి కొంత కారణమే గాని, అడుగు మంచు కదలుటచేత చలిరాత్రియందును గూలవచ్చును.

నేపాళము వైపున ఎవరెస్టు త్రోవలోని ఖుంబూ ఐస్‌ఫాల్ ఇట్టి చోటు. అచ్చట మంచు దినమునకు రమారమి 1 మీటరు కదలును. 1921లో జార్జి మాలొరీ యను ఆంగ్లేయుడు ఒక కనుమనుండి దానిని జూచి, కడు దుర్గమమని యెంచెను. 1922, 1924 సంవత్సరముల ఆంగ్లేయ యాత్రలు టిబెట్టు వైపుననే సాగినవి. ఆ వైపును నిరపాయము కాదు. 1922 జూన్ 7న మంచు విఱిగిపడి బరువులు మోయు 7గురు మృతినొందిరి. ఆంగ్లేయులలో ఒక్కడును జావలేదు. 1953 మే 29న టెన్సింగు, హిల్లరీలు ఖుంబూ త్రోవననే శిఖరము జేరిరి. నాటినుండి అదియే రాజమార్గ మయ్యెను.

2014 ఏప్రిల్ 18న ఉదయము 7 గంటలకు మునుపే, ఆ త్రోవకు పైనున్న పడమటి భుజమునుండి పెద్ద మంచుదిమ్మ విఱిగి పడెను. బరువులు మోయుచున్న 16 మంది నేపాళీయులు, అందు పెక్కురు షెర్పాలు, ప్రాణములు గోల్పోయిరి. ముగ్గురి దేహములు దొరకనేలేదు. ప్రభుత్వము మొదట కుటుంబమునకు 40,000 నేపాళీ రూపాయలిత్తుమనగా షెర్పాలు ఆగ్రహించిరి. ఆ యేడు ఆ వైపున యాత్రలు దాదాపుగ నిలిచిపోయినవి.

ఆ యేటనే, 37 దినములకు, మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లాకు జెందిన సాధనపల్లి ఆనందకుమార్ టిబెట్టు వైపునుండి శిఖరము నెక్కిరి. ఇరువురును నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. భువనగిరి బండపై శేఖర్‌బాబు శిక్షణలో ఎక్కుట నేర్చినవారు. పూర్ణకు అప్పటికి 13 ఏండ్ల 11 నెలలు. 16 ఏండ్లు నిండనివారికి నేపాళము అనుమతి నీయదు గనుక ఆమెకు ఉత్తరపు త్రోవయే శరణ్యమయ్యెను.

2015లో ఖుంబూ త్రోవను పడమటి భుజమునకు ఎడముగ నడుమకు మార్చిరి. తెల్లవాఱకమునుపే దాటుట, బురుజుల నీడన నిలువకుండుట పాటించు నియమములు. ఇవి యపాయమును దగ్గించునే గాని తొలగింపవు. శిఖర మెక్కగోరువాడు ఆ చోటును కొన్ని మారులే దాటును. నిచ్చెనలు వేయువాడు, బరువు మోయువాడు ఒక్క ఋతువులోనే అనేక పర్యాయములు దాటవలెను. కావున అపాయములో పెద్దపాలు వానిదే.

మీ గ్రామమునుండి యొక బాలుడో బాలికయో కొండ నెక్కెదనన్నచో అడ్డుపడకుడు. ఏ త్రోవను, ఎవరి వెంట పోవుచున్నారో విచారింపుడు. వెంటనుండి బరువు మోయువారికి భీమా చేసిరా యనియు నడుగుడు. తిరిగి వచ్చిననాడు పూలమాల వేయునపుడు, త్రాళ్ళు కట్టి, నిచ్చెనలు వేసి త్రోవ చూపినవారి పేళ్ళను వారినోటనే చెప్పింపుడు.