ఒమాన్‌లో గాలం వేసేముందు, క్లబ్బుకు చందా కట్టేముందు

మేం మస్కట్ వచ్చి పదకొండేళ్లయింది. మా వారిది భీమిలి దగ్గర ఊరు. చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి చేతిగాలం వేసిన మనిషి. ఇక్కడ శుక్రవారం తెల్లారకముందే కురియాత్ వైపు వెళ్లి రాళ్ల మీద కూర్చుంటే గానీ ఆయనకు వారం గడిచినట్టు ఉండదు. మా అబ్బాయికి పన్నెండేళ్లు, వాడికీ అదే పిచ్చి పట్టింది.

పోయినేడాది వాట్సాప్‌లో కనిపించిన ఒక 'స్పోర్ట్ ఫిషింగ్ క్లబ్'కి మా వారు ఇరవై రియాళ్లు సభ్యత్వం కట్టారు. "లైసెన్సు సంగతి మేం చూసుకుంటాం అన్నా" అన్నారట. రెండు ట్రిప్పులయ్యాయి, గ్రూపు మాయమైపోయింది. రసీదు లేదు, లైసెన్సూ లేదు. ఇరవై రియాళ్లు పోతే పోయాయి. ఆ రెండు రోజుల్లో ఏ అధికారైనా ఆపి కాగితం అడిగి ఉంటే, రెసిడెంట్ కార్డు మీద బతికే మన సంగతేమిటి? ఆ ఆలోచనతో నాకు చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. నేను చదివింది బీఎస్సీ, బోటనీ జువాలజీ కెమిస్ట్రీ. పిల్లాడి చదువు, వంట తప్ప దాన్ని వాడే పని ఇన్నాళ్లూ పడలేదు. ఇప్పుడు పడింది. చదివి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను, ఇంకొకరికి పనికొస్తుందని.

ముందు చట్టం. ఒమాన్‌లో చేపల విషయం చూసేది వ్యవసాయ, మత్స్య సంపద, జల వనరుల మంత్రిత్వ శాఖ. 2019లో వచ్చిన 20/2019 రాయల్ డిక్రీ ప్రకారం జలచరాలను పట్టడానికి లైసెన్సు కావాలి. సరదాకి గాలం వేసేవాళ్లకు విడిగా లైసెన్సు ఉంది, దాన్ని ఇచ్చేది కూడా మంత్రిత్వ శాఖే. ఏ క్లబ్బూ మీ తరఫున 'కవర్' చేయదు. ఫీజులు, షరతులు మారుతుంటాయి కాబట్టి వాటిని స్నేహితుడి మాట మీద కాకుండా శాఖ నుంచే తెలుసుకోండి. సరదా లైసెన్సు మీద పట్టిన చేపను అమ్ముకోకూడదు. పక్క ఫ్లాటు వాళ్లకు ఊరికే ఇస్తే ఇవ్వండి, కిలోకింత అని మాత్రం తీసుకోకండి.

రెండోది సీజన్. మన వంజరం, ఇక్కడి కనాద్, ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 15 దాకా పట్టకూడదు. గుడ్లు పెట్టే కాలానికి రక్షణ అది. సీజన్‌లో దొరికినా 65 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే వదిలేయాలి. "ఇంత చేపను వదిలేయడమేంటమ్మా" అని మావాడు ఏడుపు మొహం పెట్టాడు. అప్పుడు వాడికి చెప్పాను. ఈ చేప గుడ్లు పెట్టే వయసుకొచ్చేది సుమారు ఆ పొడవు దాటాకే. ఒక్కసారైనా పిల్లల్ని పెట్టనిచ్చి తర్వాత పట్టుకోమంటున్నారు, అంతే. పెద్ద ఆడచేప చిన్నదాని కంటే ఎన్నో రెట్లు గుడ్లు పెడుతుంది కాబట్టి, ఆ రికార్డు సైజు చేపను ఫొటో తీసుకుని వదిలేస్తే ఇంకా మేలు. మన ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లవు కదా, ఆలోచన ఒకటే.

వదిలేసేటప్పుడు చేతులు తడి చేసుకోవాలి. చేప ఒంటి మీది జిగురు దానికి కవచం. పొడి చేత్తోనో తువ్వాలతోనో పట్టుకుంటే ఆ జిగురు ఊడి, నీళ్లలోకి వెళ్లాక జబ్బుపడి చస్తుంది. వదిలేశాం అనుకుంటాం గానీ వదలనట్టే. డిగ్రీ ల్యాబులో కొరమీను పట్టుకున్నప్పుడు మా మేడమ్ చెప్పిన మాట ఇది, ఇన్నేళ్లకు అక్కరకొచ్చింది.

వేట సంగతి వేరు. ఒక స్నేహితుడు ఎడారి క్యాంపుకు ఎయిర్‌గన్ తెస్తానని, కౌజుల్ని కొడదామని మా వారిని పిలిచాడు. నేను అడ్డం పడ్డాను. 6/2003 రాయల్ డిక్రీ అడవి జంతువులను, పక్షులను చంపడం, పట్టడం నిషేధించింది. శిక్ష జైలు, జరిమానా వేల రియాళ్లలో. సరదా అనేమీ చూడరు. మన దేశంలోనూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అంతే.

ఈ కఠినత్వం వెనక ఒక కథ ఉంది. ఒమాన్ మధ్యలో జిద్దత్ అల్ హరాసీస్ మైదానంలో ఉండే అరేబియన్ ఓరిక్స్ అనే తెల్ల జింకను మోటారు బళ్లలో వెంటాడి చంపారు. అడవిలో మిగిలిన ఆఖరివి 1972లో తుపాకులకు బలయ్యాయి. జాతి పూర్తిగా పోకుండా ఆగడానికి కారణం ఒక సంఘం. 1962లో లండన్‌లోని ఫానా ప్రిజర్వేషన్ సొసైటీ కొన్నిటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూకు చేర్చింది. వాటి సంతతిని 1982లో మళ్లీ ఇక్కడే వదిలారు. హరాసీస్ తెగవాళ్లే కాపలాదారులయ్యారు. ఆ సొసైటీ 1903లో పుట్టినప్పుడు అందులో పెద్ద పెద్ద వేటగాళ్లే చాలామంది. జనం వాళ్లను 'పశ్చాత్తాపపడిన కసాయివాళ్లు' అని ఎగతాళి చేసేవారట. అయితే కథ అక్కడ ఆగలేదు. 1994లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ అభయారణ్యంలో 450 దాకా పెరిగిన జింకలు, దొంగవేటతో 65కి పడిపోయాయి. అభయారణ్యం విస్తీర్ణాన్ని కూడా తొంభై శాతం తగ్గించేశారు. 2007లో యునెస్కో ఆ జాబితా నుంచి తీసేసింది. అలా తొలగించిన మొదటి చోటు ప్రపంచంలో అదే.

మన దేశంలోనూ ఇలాంటిదే ఉంది. 1883లో మొదలైన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో వేటగాళ్లు బోలెడు. సలీం అలీ చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ ఏమిటో కనుక్కోవడానికి ఆ సొసైటీకే వెళ్లారు. అక్కడి వాళ్లు తిట్టి పంపకుండా అల్మరాలు తెరిచి పక్షుల నమూనాలు చూపించారు. ఆ తర్వాత ఆయన ఏమయ్యారో మనకు తెలుసు.

అందుకే సంఘాలంటే నాకు చిన్నచూపు లేదు. కాకపోతే ఏ సంఘం దేనికోసం అడుగుతోందో చూసుకోవాలి. కొన్ని గాలం వేసే హక్కు కోసం మాట్లాడతాయి, కొన్ని చేప బతకడం కోసం. మంచివి రెండూ చేస్తాయి, కానీ ఆ రెండూ ఒక్కోసారి గొడవ పడతాయి. బెంగళూరులో 1972లో ఏర్పడిన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా కావేరిలో మహశీర్ చేపలను కాపాడింది. సభ్యులు గాలం వేసి పట్టి మళ్లీ వదిలేసేవారు, కాపలా పెట్టేవారు. తర్వాత అభయారణ్యంలో పట్టి వదలడం కూడా వేటే అని ఆపేశారు. మేం ఉంటేనే డైనమైట్ దొంగలు రారంటారు గాలం వాళ్లు. అభయారణ్యంలో జంతువుకు కొక్కెం గుచ్చడానికి మీరెవరంటారు అవతలివాళ్లు. నాకు ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తుంది. కావేరి మూపురపు మహశీర్‌ను మాత్రం 2018లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

వేరే దేశాల్లో ఉన్నవారికి దారి సులువు. ఇంగ్లండ్‌లో 2009 నుంచి యాంగ్లింగ్ ట్రస్ట్ ఉంది. అమెరికాలో 1959లో పుట్టిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ నదుల కోసం పనిచేస్తుంది. అక్కడ గాలం సామాన్ల మీద పన్ను కూడా 1950 నాటి చట్టం ప్రకారం చేపల సంరక్షణకే వెళ్తుంది, అంటే కర్ర కొన్నా చందా కట్టినట్టే. ఏ దేశంలో ఉన్నా చేరగలిగేది 1939లో మొదలైన ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్. ప్రపంచ రికార్డులు రాసేది వాళ్లే. వంజరం రికార్డు 44.9 కిలోలు, 1982లో దక్షిణాఫ్రికాలో పట్టారు. మావాడికి ఇది నోటికొచ్చు, ఎక్కాలు మాత్రం రావు.

ఒమాన్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పేది 2004లో ఏర్పడిన ఎన్విరాన్‌మెంట్ సొసైటీ ఆఫ్ ఒమాన్. ఇది గాలం వాళ్ల క్లబ్బు కాదు. కానీ సముద్రం అడుగున వదిలేసిన వలలను తీయించడం, మసీరా దీవిలో తాబేళ్లు, అరేబియా సముద్రపు తిమింగలాల మీద పని చేసేది అదే. వదిలేసిన వల ఏళ్ల తరబడి తనంతట తానే చేపల్ని చంపుతూ ఉంటుంది, తినేవాడు లేకుండా.

ఇక కొత్త క్లబ్బు ఏదైనా చందా అడిగితే ముందు ఒకటి అడగండి: రిజిస్ట్రేషన్ ఉందా? ఇక్కడ సంఘాలకు 14/2000 రాయల్ డిక్రీ ఉంది. సామాజికాభివృద్ధి మంత్రిత్వ శాఖ అనుమతి లేకుండా సంఘం పెట్టడం, జనం దగ్గర డబ్బు పోగెయ్యడం నేరం. మంచి పనికైనా సరే, అపార్ట్‌మెంట్ గ్రూపులో మీరే "తలా ఐదు రియాళ్లు" అని మొదలుపెట్టకండి. డబ్బు వెళ్లేది సంఘం పేరున్న ఖాతాకా, ఎవరో ఒకరి సొంత ఖాతాకా అన్నది రెండో ప్రశ్న. మేం ఆ ప్రశ్న అడగలేదు.

మా వారి పేరు మీద ఇప్పుడు లైసెన్సు ఉంది. దాన్ని నేనే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఎరల డబ్బా మూతకి అంటించాను. మావాడు ఆ డబ్బాలో 65 దగ్గర ఎర్ర స్కెచ్‌తో గీత గీసిన టేపు ఒకటి పెట్టుకున్నాడు. పోయిన శుక్రవారం 61 దగ్గర ఆగింది ఒకటి. వాడే చేతులు తడుపుకుని వదిలాడట. ఇంటికొచ్చాక నేను పప్పుచారు పెట్టాను.