విశాఖ పారిశ్రామికాభివృద్ధి – ప్రభుత్వ పాత్ర

సింహాచలం కొండలకు దక్షిణాన విస్తరించిన విశాఖ పారిశ్రామిక ప్రాంతం ప్రభుత్వ పెట్టుబడితో ఎదిగిన ప్రాంతాలకు ప్రముఖ ఉదాహరణ. ఇక్కడ 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో సింధియా కంపెనీ నెలకొల్పిన నౌకా నిర్మాణ కేంద్రం స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డ్‌గా మారింది.

ఉక్కు కర్మాగారం: కర్మాగారం కోసం 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. నిర్వహణకు 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. ఆర్థిక సరళీకరణ మొదలైన మరుసటి ఏడాది, 1992 ఆగస్టు 1న, ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. సముద్రతీరాన నిర్మించిన దేశపు తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం ఇదే. వార్షిక సామర్థ్యం 73 లక్షల టన్నులు.

సంక్షోభం: కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేనందున ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనాలి. ఉక్కు ధర పడినప్పుడు ఆ భారం నష్టంగా, అప్పుగా మారుతుంది. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలపగా కార్మికులు ఉద్యమించారు. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ మంజూరైంది.

మూలధనంతో పాటు ముడిసరుకు భద్రతనూ కల్పిస్తేనే ప్రభుత్వ రంగ పరిశ్రమ నిలదొక్కుకుంటుందని విశాఖ అనుభవం చాటుతోంది.