చెయ్యొక్కటే పడుకుంటుంది

విశాఖపట్నంలో ఒక ఆపరేషన్ థియేటర్. బల్ల మీదున్నావిడ ఉద్దానం నుంచి వచ్చింది. కవిటి వైపు జీడితోటల్లో కూలికి వెళ్లేది, కిడ్నీలు పోయాక మానేసింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. మెడకు కుడివైపు పెట్టిన గొట్టంలోంచే రక్తం మిషన్‌లోకి వెళ్లి శుభ్రపడి వస్తోంది. ఆ గొట్టాన్ని ఎక్కువకాలం ఉంచకూడదు. దానికి చీము పట్టిందంటే నేరుగా రక్తంలోకే పాకుతుంది. అందుకే ఇవాళ ఎడమ మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. ధమని ఒత్తిడికి సిర ఉబ్బి, గోడ గట్టిపడి, కొన్ని వారాల్లో డయాలసిస్ సూదులకు తట్టుకునేంత బలపడుతుంది. ఆమె బతుకంతా ఇకమీదట ఆ సిర మీదే.

మీరు ఆమె తల వైపు, మత్తు డాక్టరమ్మ పక్కన నిలబడ్డారు.

"ఏ చెయ్యమ్మా?"

"ఎడమ సెయ్యి తల్లీ." చెయ్యి మీద పెన్నుతో గీసిన గుర్తు ఉంది, కాగితం మీదా ఎడమ అనే ఉంది. అయినా సూది పట్టే ముందు మళ్లీ ఆమె నోటితోనే చెప్పించాలి.

"నాకు మత్తిచ్చి పడుకోబెట్టేస్తారా?"

"లేదమ్మా. మీరు మెలకువగానే ఉంటారు. చెయ్యొక్కటే పడుకుంటుంది."

పూర్తి మత్తు ఈమె గుండెకు భారం. కోసేచోట చర్మం కింద కాస్త మందు వేసి పని కానిచ్చేయవచ్చు, చాలాచోట్ల చేసేదీ అదే. నొప్పి తెలియదు, కానీ రక్తనాళాలు బిగిసే ఉంటాయి. చేతి నరాలన్నిటికీ మందు పట్టిస్తే, నాళాలను బిగించి ఉంచే సన్నటి నరాలు కూడా మొద్దుబారి, ధమనీ సిరా వదులై వెడల్పవుతాయి. 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన గ్లాస్గో అధ్యయనం 126 మందిని రెండు జట్లుగా చేసి చూసింది. మూడు నెలల తర్వాత, నరాలకు మందు వేసిన జట్టులో 84 శాతం మందికి ఫిస్టులా పారుతూనే ఉంది. చర్మం కింద మందు వేసిన జట్టులో 62 శాతం మందికే. ఫిస్టులా మూసుకుపోతే కూలి పోగొట్టుకుని, బస్సులు మారి మళ్లీ ఈ బల్ల మీదికే రావలసిన మనిషికి ఆ తేడా చిన్నది కాదు. కుదిరిన ప్రతిచోటా ఫిస్టులాకు ఇదే పద్ధతి వాడాలని నేను గట్టిగా నమ్ముతాను.

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి రెండు ఊపిరితిత్తులూ మరోసారి విన్నది. డయాలసిస్ నిన్ననే అయింది, నీరు చేరిన చప్పుడు లేదు. ఉండి ఉంటే మందును కాలర్ ఎముక పైన కాక చంకలో వేసేది. కాలర్ ఎముక పైన వేసిన మందు దగ్గర్లోనే దిగే ఫ్రీనిక్ నరానికి అంటితే, ఊపిరి లాగే డయాఫ్రమ్ ఆ వైపు సగం చచ్చుబడుతుంది. భుజం ఆపరేషన్లకైతే సూది ఇంకా పైన, మెడ కండరాల మధ్యకు పోవాలి. అక్కడ మామూలు మోతాదుతో దాదాపు అందరికీ అలా అవుతుంది. ఆరోగ్యవంతులకు తెలియను కూడా తెలియదు. ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది.

కాలర్ ఎముక పైన గుంటలో జెల్ పూసి అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనించింది. తెర చూడండి. నల్లగా, గుండ్రంగా, టపటప కొట్టుకుంటున్నది ధమని. దాని కింద తెల్లటి గీత మొదటి పక్కటెముక. ఆ పక్కనే ఊపిరితో పాటు మెరుస్తూ జారుతున్న గీత ఊపిరితిత్తి పొర. ధమనికి బయటివైపు ద్రాక్షగుత్తిలా చిన్నచిన్న నల్లటి గుండ్రాలు ఒకచోట చేరి ఉన్నాయి. వెన్నుపాము నుంచి వచ్చి చెయ్యంతటికీ పంచుకుపోయే నరాలవి.

1911లో జర్మన్ వైద్యుడు కులెన్‌కాంఫ్ ఇదే చోట, ముందు తన ఒంటి మీదే ప్రయత్నించి, ఈ పద్ధతిని లోకానికి చెప్పాడు. అప్పటికి తెర లేదు. చేతివేళ్ల అంచనాతో, సూది తగిలి రోగి చేతిలోకి జివ్వుమందా లేదా అన్న గుర్తుతో వేసేవారు. ఊపిరితిత్తికి చిల్లు పడుతుందన్న భయంతో ఎందరో దీన్ని వదిలేశారు. 1994లో వియన్నా వైద్యులు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వేయడం చూపించాక ఆ భయం చాలావరకు తగ్గింది.

సూది బయటివైపు నుంచి వస్తోంది. తెర మీద సన్నటి తెల్లగీత. మొన కనిపించకపోతే డాక్టరమ్మ చెయ్యి కదపదు. ధమనిని దాటనివ్వదు, పక్కటెముక కిందికి పోనివ్వదు. గుత్తి అంచున ఆపింది. సిరంజి వెనక్కి లాగితే రక్తం రాలేదు. కాస్త మందు వదిలింది. నల్లటి మడుగు పరుచుకుని నరాలు పైకి తేలాయి. మళ్లీ లాగి చూసి, మళ్లీ కాస్త. 0.5 శాతం రోపివకైన్, మొత్తం 20 మిల్లీలీటర్లు, అలా విడతలు విడతలుగా.

"నాలుక తిమ్మిరిగా ఉందా అమ్మా? చెవుల్లో హోరు?"

"ఏటీ నేదు."

మందు రక్తంలోకి పోతే ముందు చెప్పేది రోగే, అందుకే ఈ మాటలు ఆపకూడదు. గుండెకు విషమైతే విరుగుడుగా ఎక్కించే 20 శాతం కొవ్వు ద్రావణం సీసా ట్రాలీ మీదే ఉంది.

ఇక ఎదురుచూడాలి. తొందరపడే సర్జన్ ఉన్నచోట ఈ ఇరవై నిమిషాలే కష్టం. ముందు అరచెయ్యి వెచ్చబడింది. ఆ వెంటనే మణికట్టు మీద ఇందాక సన్నగా కనిపించిన సిర లేచి నిలబడింది. సర్జన్ వంగి చూసి తల ఊపాడు. స్పిరిట్ దూది రాస్తే చల్లదనం తెలియలేదు. కాసేపటికి గుచ్చినా తెలియలేదు. చివరికి చెయ్యి ఎత్తమంటే భుజం మాత్రం కదిలింది.

"సెయ్యి పొట్ట మీదే ఉంది కదా తల్లీ?"

చెయ్యి బల్ల మీద చాపి ఉంది. మొద్దుబారిన చెయ్యి ఎక్కడుందో మనసు సరిగా పోల్చుకోలేదు. డాక్టరమ్మ ఆ చేతిని కాస్త పైకెత్తి చూపించింది. అప్పటికి నమ్మింది.

కుట్లు సన్నటివి, భూతద్దాల కళ్లజోడుతో వేసేవి. ఆ సేపంతా ఆమె, డాక్టరమ్మ ఇద్దరూ పిల్లల గురించీ, ఈ ఏడు జీడిపిక్కల ధర గురించీ మాట్లాడుకున్నారు. బిగింపు క్లిప్పు తీయగానే సిర పొంగింది. సర్జన్ వేలు ఆనించి, గ్లవ్స్ మార్చుకుని, ఆమె కుడిచేతి వేళ్లను అక్కడికి తెచ్చాడు. లోపల జరజరమంటోంది.

"రోజూ పొద్దున్నే ఇలా తాకి చూసుకోవాలి. ఆగిపోతే ఆ పూటే రావాలి."

బయట కొడుకు నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ అతనికి చెప్పే మాటలు కూడా వైద్యంలో భాగమే, చాలామంది ఇక్కడే తొందరపడతారు.

"రాత్రి వరకు చెయ్యి ఇలాగే ఉంటుంది బాబూ, భయపడకండి. చేతిని మెడకి పట్టీతో కట్టి ఉంచండి, దాని మీద పడుకోనివ్వద్దు. వేడి గిన్నెలు తగలనివ్వద్దు, కాలినా ఆమెకి తెలీదు. నొప్పి ఒక్కసారిగా వస్తుంది. వచ్చేదాకా ఆగొద్దు, వేళ్లు కదలడం మొదలవగానే ఈ పారాసిటమాల్ బిళ్ల వేయండి. వేరే నొప్పి మాత్రలు కొనకండి, కిడ్నీకి మంచిది కాదు. ఇంకోటి. ఈ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వద్దు, రక్తం తీయనివ్వద్దు. ఏ ఆసుపత్రిలోనైనా, ఎవరు అడిగినా."

"ఎడమ సెయ్యేనా మేడమ్?"

"ఎడమ చెయ్యే."