చేతులడిగే స్టీరింగ్

డాలస్ ఫ్రీవేల మీద నా కారు స్టీరింగ్ పట్టుకోమని గుర్తుచేస్తే నేను విసుక్కోను. ఆ హెచ్చరిక వెనక ప్రాణాలున్నాయి.

కారును కొంతమేర తానే నడిపే టెస్లా ఆటోపైలట్ 2015 అక్టోబరులో రోడ్డెక్కింది. 2016 మేలో ఫ్లోరిడాలోని విల్లిస్టన్ దగ్గర అది నడుపుతున్న కారు లారీ ట్రైలర్‌ను గుద్దింది, డ్రైవరు చనిపోయాడు. ఆటోపైలట్ నడిచిన 37 నిమిషాల్లో స్టీరింగ్ మీద చేతులు నమోదైంది 25 సెకన్లేనని దర్యాప్తు తేల్చింది. ఆ సెప్టెంబరులోనే కట్టుదిట్టం పెరిగింది: హెచ్చరికలను పదేపదే పెడచెవిన పెడితే, కారు పార్క్ చేసేదాకా ఆటోపైలట్‌లో స్టీరింగ్ తిప్పే ఆటోస్టీర్ మళ్లీ పలకదు.

డ్రైవర్లు ఊరుకుంటారా? స్టీరింగుకు బరువులు తగిలించి, చేతులను పసిగట్టే సెన్సరును బురిడీ కొట్టించారు. అలాంటి పరికరమొకటి అమ్మవద్దని 2018లో అమెరికా ప్రభుత్వం ఆదేశించింది. సెన్సరుకు తెలిసేది స్టీరింగును తిప్పే బలమే, చూపు కాదు. 2017లో వచ్చిన కాడిలాక్ కార్ల సూపర్ క్రూయిజ్ వ్యవస్థ మాత్రం డ్రైవరు ముఖం మీదికే కెమెరా తిప్పింది. కునికేవాడి చేతులు కూడా స్టీరింగ్ మీదే ఉండొచ్చు గనక, నా ఓటు కెమెరాకే.